బాదామిని కవర్ చెయ్యొద్దు, ఒక రోజంతా నడవండి

ప్రతి ఏడాది రెండు గట్టి వానలు పడగానే మా ఫ్రెండ్స్ గ్రూప్‌లో ఒక మెసేజ్ వస్తుంది. "శుక్రవారం రాత్రి పదింటికి హైదరాబాద్‌లో స్టార్ట్, శనివారం బాదామి, పట్టదకల్లు, ఐహోళె కవర్, ఆదివారం హంపి కవర్, సోమవారం పొద్దున ఆఫీస్." గంట తిరిగేలోపు కింద పదిహేను బొటనవేళ్ళు పడతాయి. ఈసారి నేను పెట్టలేదు, వద్దని రాశాను, ఎందుకు వద్దో చెబుదామని టైప్ చేస్తూ పోతే అది మెసేజ్ సైజు దాటిపోయింది, అందుకే ఇక్కడ రాస్తున్నా.

నా గొడవంతా ఆ "కవర్" అనే మాటతోనే. చిన్నప్పుడు సిలబస్ కవర్ చేసినట్టు ఇప్పుడు ఊళ్ళు కవర్ చేస్తున్నాం, పరీక్ష రాసి బయటికొచ్చాక అదెట్లా గుర్తుండదో ఇదీ అట్లాగే గుర్తుండదు. ఎర్ర ఇసుకరాయి కొండలు, వాటి మధ్య ఇరుకు లోయలు, గుహలు, వానొస్తే దూకే జలపాతాలు, అన్నీ కాలినడకన ఒక్క రోజులో అందేంత దగ్గర దగ్గరగా ఉన్న చోటు, ఉత్తర కర్ణాటకలోని బాదామి, మనకి నాలుగొందల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉంది. దానికి మనం ఇచ్చే టైమ్ గంటన్నర. ఒక రోజు మొత్తం ఇవ్వండి అంటున్నా, తెల్లారకముందు నుంచి వెలుతురు పోయేదాకా.

గంటన్నర సంగతి నాకు బాగా తెలుసు, మొదటిసారి నేను చూసింది అంతే. పదేళ్ళ పైనే అయింది, టెంపో ట్రావెలర్‌లో పద్నాలుగు మంది, రాత్రంతా ఎవరికీ నిద్ర లేదు. దిగాం, మెట్లెక్కాం, నాలుగు గుహల్లో మూడు చూశాం, ఒక కోతి వచ్చి మాలో ఒకమ్మాయి చేతిలో జ్యూస్ సీసా లాక్కుపోయింది, పదకొండున్నరకల్లా మళ్ళీ బండిలో ఉన్నాం. ఫొటోలు చూస్తే నేను అక్కడ నిలబడ్డట్టు తెలుస్తోంది గానీ కాళ్ళకింద రాయి ఎట్లా ఉందో, గాలి ఎటునుంచి వస్తోందో, ఎదురుగా ఆ చెరువు అవతల ఏముందో ఒక్కటీ నాలో లేదు.

అసలు అది ఏ ఊరో కూడా నాకు అప్పుడు తెలీదు. తెలుగిళ్ళల్లో పసిపిల్లలకి పాలు పట్టాక పొట్ట నిమురుతూ "జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం" అంటారు కదా, మా అమ్మ నాకు పదేళ్ళొచ్చినా పెళ్ళి భోజనాలు తినొచ్చిన రాత్రి అట్లాగే అనేది. ఇల్వలుడు తమ్ముణ్ణి మేకని చేసి వండి వచ్చిన బ్రాహ్మలకి పెట్టడం, తిన్నాక "వాతాపీ, రా" అని పిలిస్తే వాడు పొట్ట చీల్చుకుని బయటికి రావడం, చివరికి అగస్త్యుడు వచ్చి తిని, పొట్ట నిమురుకుని, వాణ్ణి అక్కడే అరిగించేసుకోవడం. ఆ వాతాపి పేరే బాదామికి పాత పేరు, ఆ గుహల ముందున్న చెరువు పేరు అగస్త్య తీర్థం. మన నోట్లో రోజూ నానే మాటకి ఒక ఊరుందని, దాని ఒడ్డున నిలబడి కూడా నేను గమనించకుండా బండెక్కేశానని తెలిసిన రోజు నిజంగా బాధేసింది.

చరిత్ర చూసినా పరాయి ఊరేం కాదు. ఇక్కడి చాళుక్యులే మన అలంపురంలో నవబ్రహ్మ గుళ్ళు కట్టారు, ఇక్కడి రెండో పులకేశి తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడే వేంగికి వచ్చి తూర్పు చాళుక్య రాజ్యం మొదలుపెట్టాడు. బాదామికి టైమ్ లేదనేవాళ్ళు ముందు ఒక ఆదివారం అలంపురం వెళ్ళిరండి, కర్నూలు రోడ్డు మీదే కదా.

ఇక రాయి గురించి చెప్పాలి, ప్లాన్ అంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది. హైదరాబాద్‌లో పెరిగినవాళ్ళ కాళ్ళు గ్రానైట్‌కి అలవాటు పడ్డ కాళ్ళు. ఖాజాగూడ గుట్టలయినా మౌలాలి అయినా, దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటి రాయి అది, లోపల కరిగి చల్లారి స్ఫటికాలు ఒకదాంట్లో ఒకటి బిగుసుకుపోయి తయారయింది. బూటు అడుగు ఆనిస్తే పట్టుకుంటుంది, ఎంత వాలున్నా నమ్మి నిలబడొచ్చు. హంపిలోనూ అదే రాయి. బాదామిలో ఉన్నది వేరు. నేల మీద చెట్టూ చేమా జంతువూ ఏవీ లేని కాలంలో నదులు మోసుకొచ్చి పరిచిన ఇసుక, పొర మీద పొర పడి, గట్టిపడి, రాయి అయింది, దాంట్లోని ఇనుముకి తుప్పు పట్టి ఎర్రబడింది. జియాలజీవాళ్ళు ఇక్కడి పొరకి "కేవ్ టెంపుల్ ఎరెనైట్" అనే పేరే పెట్టారు, అంటే గుహాలయాల ఇసుకరాయి అని. దాంట్లో నిలువు పగుళ్ళున్నాయి కాబట్టి లోయలు నిట్టనిలువుగా చీలాయి, పొరలు పొరలుగా ఉంది కాబట్టి మెత్తటి పొర అరిగి పైపొర చూరులా మిగిలిన చోట గుహలు వచ్చాయి, శిల్పులు ఉలి పెట్టి మనిషికన్నా ఎత్తు విష్ణువుని తొలచగలిగారు. మూడో గుహలో అనంతుడి మీద కూర్చున్న విష్ణువు ఉన్నాడు చూడండి, దగ్గరికెళ్ళి చూస్తే రాతి చారలు ఆయన ఒంటి మీదుగా ఈ గోడనుంచి ఆ గోడదాకా పోతుంటాయి, అవి ఒకప్పుడు నీళ్ళు ఇసుకని పరిచిన వరసలు. ఆ గుహలో శాసనం సాలు 578, ఆ చారల వయసు ముందు అది నిన్నటి మాట.

కానీ ఇసుకరేణువుల్ని అంటించి పట్టుకున్న ఆ బంక నీళ్ళు తాగితే బలం తగ్గుతుంది. గ్రానైట్ తడిస్తే జారుతుంది, ఇసుకరాయి తడిస్తే జారడమే కాదు విరుగుతుంది కూడా. అందుకే రాళ్ళెక్కేవాళ్ళు వాన పడ్డాక ఇసుకరాయి పూర్తిగా ఆరేదాకా చెయ్యి వెయ్యరు. ఈ ఒక్క విషయం నాకు ముందే తెలిసి ఉంటే నా రెండో ట్రిప్ వేరేగా ఉండేది.

మూడేళ్ళ కింద సెప్టెంబర్‌లో, నేనూ మా బాబాయి కొడుకూ వెళ్ళాం. ముందు రాత్రి పెద్ద వాన. పొద్దున్నే ఊళ్ళో ఒక పెద్దాయన్ని తోడు మాట్లాడుకున్నాం, అరవై దాటిన మనిషి, ఊళ్ళో అందరూ అజ్జా అంటుంటే మేమూ అజ్జా అన్నాం, ఆయన కన్నడం మా తెలుగు కలిసి పని నడిచిపోయింది. ఒక చీలికలోంచి పైకెక్కే చోట ఆయన ఆగి, అరచేయి బండకి ఆనించి, తీసి మాకు చూపించాడు. గీతల్లో ఎర్రటి ఇసుక అంటుకుని ఉంది. "హసి బండె, బేడ" అన్నాడు, పచ్చిగా ఉంది, వద్దని. మేం ఖాజాగూడలో ఇంతకన్నా నిలువు ఎక్కేశాం అజ్జా, ఏం కాదు అని మావాడు ముందుకెళ్ళాడు, నేను ఆపలేదు. రెండు వేళ్ళ వెడల్పున్న అంచు మీద కాలు పెట్టి బరువేశాడు, ఆ అంచు టీలో ముంచిన బిస్కెట్‌లా చప్పుడు లేకుండా ఊడొచ్చింది. నిలువెత్తు జారాడు. మోచేతి నుంచి మణికట్టుదాకా తోలు లేచిపోయింది, కింద గుండ్రాళ్ళుంటే కాలే విరిగేది. అజ్జ ఏమీ అనలేదు, మా బాటిల్ తీసుకుని చెయ్యి కడిగి, తన తువ్వాలు చింపి కట్టి, చూరు కింద కూర్చోబెట్టాడు. ఆ నిమిషం నుంచి నేను ఏ ప్లాన్ వేసినా మొదట చూసేది ముందు రెండ్రోజులు వాన పడిందా లేదా అనేదే.

మరి జలపాతం? వాన లేకపోతే జలపాతం లేదు, వానుంటే బండ మీదికి వెళ్ళకూడదు, రెండూ ఎట్లా అని అడుగుతారు. బాదామి జలపాతం పేరు అక్క-తంగి, అంటే అక్కాచెల్లెళ్ళు, చెరువు దగ్గర కొండ అంచునుంచి పక్కపక్కన రెండు ధారలు దూకుతాయి. పైన బండ నేల కాబట్టి వాన నీళ్ళు ఇంకే చోటు తక్కువ, కాలవలుగా చేరి అంచుకొచ్చి పడతాయి, వాన వెలిశాక ఎక్కువసేపు నిలవదు. దాన్ని చూడాలంటే పైకెక్కాల్సిన పని లేదు, చెరువు ఒడ్డునుంచి చూస్తేనే బాగుంటుంది. మేం ఆ రోజు కట్టు కట్టించుకుని అక్కడే కూర్చున్నాం, ఎర్రగా దిగే నీళ్ళు గాలికి పక్కకి ఊగి మళ్ళీ బండకి తగులుతుంటే గంటసేపు మావాడు చెయ్యి నొప్పి మర్చిపోయాడు.

అందుకని నా లెక్క ఇది. సెప్టెంబర్ చివర్నుంచి నవంబర్ లోపల వెళ్ళండి, చేతిలో రెండు ప్లాన్లు పెట్టుకుని వెళ్ళండి. రాత్రి వాన పడితే తడి రోజు ప్లాన్: జలపాతం, గుహలు, చెరువు చుట్టూ, మ్యూజియం, పైకి మాత్రం ఎక్కొద్దు. పొడిగా ఉంటే కొండ ప్లాన్. ఏది దొరికితే అది తీసుకోవాలి, రెండూ కావాలని పట్టుబట్టిన వాళ్ళే పడతారు. ఇంకోటి, లోయలో ఉన్నప్పుడు నెత్తి మీద ఆకాశం నీలంగా ఉందని ధీమాగా ఉండకండి, పైన పీఠభూమి మీద ఎక్కడో కురిసిన నీళ్ళు కూడా ఆ చీలికలోంచే దిగాలి, వేరే దారి లేదు దానికి.

పొడి రోజుకి నేను వేసుకున్న నడక పదిహేడు కిలోమీటర్లు అటూ ఇటూ ఉంటుంది. చీకటుండగానే లేచి, ఆరింటికల్లా సిడ్లఫడి దారిలో ఉండాలి. ఊరినుంచి నాలుగైదు కిలోమీటర్లు, పొదల మధ్య, బండల మీదుగా. సిడిలు అంటే పిడుగు, పడి అంటే బండ, మనకీ కొంచెం అందే మాటలే. రెండు పెద్ద బండల మధ్య దానంతట అదే ఏర్పడ్డ రాతి వంతెన, దాని నడుమ పెద్ద పెద్ద రంధ్రాలు, పిడుగు పడి అయ్యాయని ఊరివాళ్ళు చెబుతారు. కింద, చరిత్ర రాయడం రాని కాలంలో మనుషులు వేసిన బొమ్మలు మాసిపోయి ఉన్నాయి. అక్కడ పావుగంట నోరు మూసుకుని కూర్చోండి, పై రంధ్రంలోంచి పడే ఎండ నేల మీద జరగడం కంటికి తెలుస్తుంది. దారికి బోర్డులు గట్రా ఆశించొద్దు, గూగుల్ మ్యాప్స్‌ని నమ్ముకుని పోవద్దు, ఊరి మనిషిని తోడు తీసుకోండి, ఆయన అడిగింది ఇవ్వండి, బేరం ఆడకండి. పదింటికి ఎక్కడున్నా సరే వెనక్కి తిరగాలి. ఈ వెనక్కి తిరిగే టైమ్ ఇంట్లోనే రాసుకోవాలి, అక్కడ నిలబడి నిర్ణయించుకుందామంటే ఇంకో పది నిమిషాలు ఇంకో పది నిమిషాలు అంటూ ఎండ నడినెత్తికి వస్తుంది.

ఎండ ముదిరాక గుహలు. అందరూ పొద్దున చల్లగా ఉంటుందని గుహలకి వెళ్ళి మధ్యాహ్నం కొండెక్కుతారు, నేను దీన్ని తిరగేస్తాను. గుహలున్న కొండ దక్షిణం వైపుంది, గుమ్మాలు ఉత్తరానికి, కాబట్టి మధ్యాహ్నం కూడా లోపల నీడ, బండ చల్లగా వీపుకి తగులుతుంది. మొదటి గుహ బయట పద్దెనిమిది చేతుల నటరాజు, రెండో దాంట్లో త్రివిక్రముడు, మూడోది పెద్దది, నాలుగోది జైనులది. తొందర పడకండి. కప్పు వైపు చూడండి, మూలల్లో బ్రాకెట్ల మీద జంటల్ని చూడండి. మెట్ల దగ్గర చేతిలో కవర్ పట్టుకుని నడిస్తే కోతులకి పిలుపు ఇచ్చినట్టే, తిండి ఏదైనా బ్యాగు లోపల, జిప్పు వేసి పెట్టండి.

తర్వాత చెరువు అవతల ఉత్తరపు కోట, మ్యూజియం పక్కనుంచి దారి. నాకైతే బాదామి మొత్తంలో ఇష్టమైన రెండొందల అడుగులు ఇక్కడే. రెండు వైపులా తాటిచెట్టంత ఎర్ర గోడలు, మధ్యలో ఇద్దరు పక్కపక్కన నడిచేంత సందు, పైన ఆకాశం ఒక గీతలా. మాట్లాడితే మాట గోడకి తగిలి తిరిగొస్తుంది. గోడ మీద పొరలు ఏటవాలుగా ఒకదాన్నొకటి కోసుకుంటూ కనిపిస్తాయి, ఏ వైపు నీళ్ళు పారాయో వేలితో చూపించొచ్చు. మొదటి ట్రిప్‌లో ఇది మాకు ఐదు నిమిషాల దూరంలో ఉంది, డ్రైవర్ హారన్ కొడుతున్నాడని వెళ్ళలేదు.

భోజనం సంగతి క్లుప్తంగా, జొన్నరొట్టె, గుత్తొంకాయ లాంటి ఎణ్ణెగాయి, పల్లీల పొడి, పెరుగు. తెలంగాణ కడుపుకి పుట్టింటి తిండి.

ఇక మూడో భాగం, మహాకూట, ఊటనీళ్ళ కోనేరున్న గుళ్ళ గుంపు. తూర్పు వైపు కొండెక్కి దిగితే నడకదారిన ఐదారు కిలోమీటర్లు, రోడ్డున పోతే ఇంకా చాలా ఎక్కువ. రెండున్నర లోపల బయల్దేరితేనే వెళ్ళండి, దాటితే ఆ రోజుకి వదిలెయ్యండి, చెరువు ఒడ్డున భూతనాథ గుడి మెట్ల మీద కూర్చుంటే పడమటి ఎండ తిన్నగా దాని మీదే పడుతుంది, అదీ తక్కువేం కాదు. నవంబర్‌లో ఆరింటికల్లా చీకటి, కొండ దిగేటప్పుడు చీకటి పడకూడదు. మనిషికి మూడు నాలుగు లీటర్ల నీళ్ళు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, అరగని అడుగున్న బూట్లు, తలకి పెట్టుకునే టార్చ్ (ఫోన్ టార్చ్ ఒక చెయ్యి తినేస్తుంది), గాయానికి కట్టు. చూర్ల కింద పెద్ద తేనెపట్లు కనిపిస్తే అరుపులు, పొగ, సెంట్లు వద్దు, తలొంచుకుని పక్కకి వెళ్ళిపోవాలి. అంతే సామాను.

గ్రూప్‌లో వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. అంత దూరం వెళ్ళి పట్టదకల్లు చూడకుండా వస్తారా, 1987 నుంచి యునెస్కో లిస్టులో ఉంది అంటారు. ఉంది, నిజమే, గొప్ప గుళ్ళు. దానికీ ఒక రోజివ్వండి, ఇంకో ఏడాది వెళ్ళండి. ఎప్పటికీ మళ్ళీ రాం కాబట్టి ఇప్పుడే అన్నీ చూసెయ్యాలి అనుకుంటాం గానీ, గంటన్నర చూసిన ఊరికి మళ్ళీ వెళ్ళాలనిపించదు, అదీ దాని నష్టం. రోజంతా నడిచిన ఊరికి నేను నాలుగోసారి వెళ్తున్నా.

రాత్రి డ్రైవింగ్ మాత్రం దయచేసి మానేయండి. శుక్రవారం పొద్దంతా ఆఫీసు, రాత్రంతా రోడ్డు, తెల్లారి కొండ అంచు మీద నడక అంటే నాకు భయం, మావాడు జారిన రోజున కూడా మేం నాలుగు గంటలే పడుకున్నాం. శనివారం పొద్దున బయల్దేరి మహబూబ్‌నగర్, రాయచూరు, లింగసుగూరు, హునగుంద మీదుగా తాపీగా పోవచ్చు, అమీనగడలో కరదంటు కొనుక్కోండి, జిగురూ బెల్లమూ డ్రై ఫ్రూట్సూ వేసి చేస్తారు, కొండ మీద రెండు ముక్కలు తింటే ఒంట్లో సత్తువ వస్తుంది. ఆదివారం నడక, సోమవారం ఒక లీవ్ పెట్టి వాపసు. ఏడాదికి ఒక లీవ్ కదా.

ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఎట్లా అనేవాళ్ళకి, పోయిన ఏడాది నేను అమ్మని తీసుకెళ్ళాను. మోకాళ్ళ నొప్పులు, మెట్లు కూడా కష్టం. పొద్దున మేం సిడ్లఫడికి పోతే ఆవిడ చెరువు గట్టున బట్టలుతికేవాళ్ళతో కబుర్లు పెట్టుకుంది, మధ్యాహ్నం ఆటోలో మహాకూటకి పంపించాం, మేం కొండమీదుగా నడిచి వెళ్ళాం. దిగేసరికి ఐదు. మహాకూటలో విష్ణు పుష్కరిణి అని కోనేరు, దానికి కొండలోంచి వచ్చే ఊటే ఆధారం. వానాకాలంలో పైన బండల సందుల్లో దిగిన నీళ్ళు లోపల మెల్లగా నడిచి ఇక్కడ తేలతాయి, పొద్దుటినుంచి మేం కాళ్ళకింద తొక్కుకుంటూ వచ్చిన కొండ దాచిపెట్టుకున్న నీళ్ళే అవి. ఊరి పిల్లలు అంచునుంచి దూకుతున్నారు. ఆ గుడి గుమ్మం దగ్గర రెండు బొమ్మల్ని చూపించి, వీళ్ళు వాతాపి ఇల్వలులు అని పూజారి అమ్మకి చెప్పాడట.

మేం వెళ్ళేసరికి అమ్మ కోనేటి మెట్టు మీద కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని కూర్చుంది. నా బూట్లలోంచి ఎర్ర ఇసుక దులుపుతుంటే, "ఆ గుమ్మం దగ్గరున్నాడు చూశావా మనవాడు, ఇన్నేళ్ళు వాడి పేరు చెప్పే నీ పొట్ట నిమిరాను" అంది. మిగిలిన కరదంటు ముక్క తీసి నా చేతిలో పెట్టి, ఆటోవాడు ఆరింటిదాకా ఉంటానన్నాడు, నువ్వు కూడా ఒక మునక వేసి రా అంది.